యాప్ తెర మీది తెలుగు అక్షరాలను ఆటోమేషన్ టెస్టుల్లో సరిచూసేదెలా?

చెరువుగట్టు (భీమవరం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారమండి. భీమవరంలో నలుగురం కలిసి నడుపుకొంటున్న చిన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయం మాది. రొయ్యల రైతుల కోసం ఒక ఆండ్రాయిడ్ యాప్ తయారుచేసి రెండేళ్లుగా నిర్వహిస్తున్నాము. కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) వారీగా ఆనాటి ధరలు, చెరువు వారీగా మేత లెక్కలు, ఉదయం సాయంత్రం కొలిచిన ఆక్సిజన్, పీహెచ్ విలువలు అందులో ఉంటాయి. వాడేవారిలో అత్యధికులు తెలుగు తెరలనే ఎంచుకొంటారు కనుక, ప్రతి కొత్త బిల్డ్‌లోనూ తెలుగు అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూడటమే నా పనిలో సగం. టెస్టులన్నీ, మనిషి బదులు యాప్‌ను నడిపించి చూసే అప్పియం అనే సాధనంలో, దాని ఆండ్రాయిడ్ భాగమైన యూఐఆటోమేటర్2 డ్రైవర్ మీద, పైథాన్‌లో రాశాను.

పోయిన నెలలో జరిగిన ఒక సంఘటనతో నా టెస్టుల మీద నాకే అనుమానం పుట్టింది. ధరల పట్టికలో ఒక వరుసలో "40 కౌంట్ – కిలో ధర ₹375" అని ఉండాలి. నా టెస్టు ఆ వరుసను చదివి, ఉన్నదున్నట్టుగా సరిపోల్చి, పాస్ అని పచ్చరంగు చూపించింది. మర్నాడు ఉదయమే ఉండి మండలం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, "మీ బోర్డులో మూడు తర్వాత చుక్కలే కనిపిస్తున్నాయండీ, ఆ చుక్కల రేటెంత?" అని అడిగారు. ఆయన పంపిన ఫొటోలో "కిలో ధర ₹3…" అని మాత్రమే ఉంది. పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) పెట్టుకొన్న రోజున మూడు వందలో, మూడు వందల తొంభయ్యో తెలియకపోతే రైతు ఏమి కావాలి? అదే బిల్డ్‌ను, అదే వరుసను నా టెస్టు మళ్లీ చదివినా పాస్ అనే చెప్పింది.

రెండవ చిక్కు దీనికి తలకిందులుగా ఉన్నది. "ఆక్సిజన్ తక్కువగా ఉంది" అనే హెచ్చరిక తెర మీద చక్కగా కనిపిస్తున్నా టెస్టు ఫెయిల్ అంటున్నది. రిపోర్టు పేజీలో ఉండవలసినదీ ఉన్నదీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే. కళ్లద్దాలు మార్చి చూసినా తేడా కనబడలేదు.

మూడవది, మేత నమోదు చేయగానే రెండు క్షణాలు కనిపించి పోయే "నమోదు అయింది" అనే టోస్ట్ సందేశం. దానిని టెస్టు ఒకసారి పట్టుకొంటుంది, ఒకసారి పట్టుకోలేదు.

మా మేనేజర్‌గారు విసిగిపోయి, తెర ఫొటో తీసి అందులోని అక్షరాలను ఓసీఆర్‌తో చదివించి, తెర మీది ప్రతి మాటనూ సరిచూడమంటున్నారు. అది మంచి దారేనా? ఈ మూడు చిక్కులకూ ఒకే కారణం ఉన్నదా, వేర్వేరు కారణాలా? అనుభవజ్ఞులు వివరిస్తే కృతజ్ఞుడిని.

పాతకాపు (కాకినాడ)

చెరువుగట్టుగారూ, మూడూ వేర్వేరు జబ్బులండి, ఒకే మాత్రతో తగ్గేవి కావు. మొదటిదానికి నేను జవాబు చెబుతాను. అక్షరాల సంగతి రాజమహేంద్రవరం మిత్రులు చూసుకొంటారు.

అప్పియం మీకు చూపించే టెక్స్ట్ తెర మీద గీసిన టెక్స్ట్ కాదు. యూఐఆటోమేటర్2 తెరను చూడదు. అంధులకు తెరను చదివి వినిపించే సాధనాల కోసం ఆండ్రాయిడ్ సిద్ధం చేసి ఉంచే యాక్సెసిబిలిటీ చెట్టును మాత్రమే అది చదువుతుంది. ఆ చెట్టులో, తెర మీద మాటను చూపించే ప్రతి టెక్స్ట్‌వ్యూ తనకు అప్పగించిన మాటను పూర్తిగా చెబుతుంది. స్థలం చాలక చివర మూడు చుక్కలు పెట్టడమనేది ఆ తర్వాత, గీసే దశలో జరిగే పని. చుక్కల వెనుక దాగిన 75 చెట్టులో భద్రంగానే ఉంటుంది. అందుకే మీ టెస్టు అబద్ధం చెప్పలేదు, మీరు దానిని అడిగిన ప్రశ్నే వేరు. మన వైపు పట్టుబడిలో రైతు చీటీ మీది అంకెతో తృప్తిపడకుండా కాటా దగ్గరే నిలబడతాడు చూడండి, మీ టెస్టు చీటీ చదివి వచ్చేసింది.

ఆ పెద్దాయన ఫోన్‌లో అక్షరాల పరిమాణం పెంచి ఉంటుందని నా ఊహ. యాభై దాటిన రైతుల ఫోన్లలో నేను చూసినంతవరకు అది మామూలే. కంప్యూటర్ మీద ఫోన్‌ను అనుకరించే మీ ఎమ్యులేటర్‌లో అది 1.0 దగ్గరే ఉండి ఉంటుంది. ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే సాధనం) ద్వారా సిస్టమ్ సెట్టింగ్స్‌లోని ఫాంట్ స్కేల్ విలువను 1.3కు మార్చి, అదే తెరను మీ కళ్లతో చూడండి. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం దాకా పెంచుకొనే వీలు వచ్చింది కనుక, 2.0 దగ్గర కూడా ఒకసారి చూడటం మేలు.

ఇక దీనిని టెస్టుగా ఎలా రాయాలన్నది. అప్పియం బయటి నుంచి చూసే సాధనం కనుక ఈ పనికి అది అనువు కాదు. ఎస్ప్రెస్సో అనే మరొక సాధనంతో రాసిన టెస్టు యాప్ ప్రాసెస్‌లోనే నడుస్తుంది కనుక టెక్స్ట్‌వ్యూ లోపలి లేఅవుట్‌ను నేరుగా అడగగలదు. ఆ లేఅవుట్‌లో ఏ వరుసలో ఎన్ని అక్షరాలు చుక్కల కింద పోయాయో చెప్పే గెట్‌ఎలిప్సిస్‌కౌంట్ అనే ఫంక్షన్ ఉన్నది. అది సున్నా కాకపోతే మాట కత్తిరింపుకు గురైనట్టే. మీరు స్వయంగా రాయనక్కర లేకుండా, ఎస్ప్రెస్సోలోని లేఅవుట్‌అసర్షన్స్‌లో నోఎలిప్సైజ్డ్‌టెక్స్ట్ అనే తనిఖీ సిద్ధంగా ఉన్నది. దాని పక్కనే ఒకదాని మీద ఒకటి ఎక్కిన వ్యూలను పట్టుకొనే నోఓవర్‌ల్యాప్స్ కూడా ఉన్నది. తెరలు రాసే మరో పద్ధతి అయిన కంపోజ్‌లో రాసిన తెరలైతే టెక్స్ట్ లేఅవుట్ ఫలితంలో హ్యాజ్‌విజువల్‌ఓవర్‌ఫ్లో అనే విలువను చూడాలి.

అయితే తెలుగుకు ఇంకొక బెడద ఉన్నది, ఎస్ప్రెస్సోలోని ఈ తనిఖీలు దానిని పట్టవు. మన వత్తులు గీత కిందకు దిగుతాయి. ఆంగ్లాక్షరాలను చూసి డిజైనర్ బటన్ ఎత్తును 32 డీపీకి బిగించేస్తే, అక్షరం పెంచిన ఫోన్‌లో కింది భాగం కోసుకుపోతుంది. మా సంస్థ యాప్‌లో ఒకసారి "మొత్తం" అన్న మాట కింది త వత్తు పోయి "మొతం" అని కనిపించింది. అందులో చుక్కలు లేవు, లేఅవుట్ లెక్క ప్రకారం ఏ అక్షరమూ తగ్గలేదు, చెట్టులో మాట సంపూర్ణంగా ఉన్నది. ఒక బడి పిల్ల తప్పు పట్టేదాకా మా పరీక్షల్లో ఎవరికీ తెలియలేదు. దీనికి తెర ఫొటోలను పాత ఫొటోలతో పోల్చే టెస్టు తప్ప నాకు వేరే మార్గం దొరకలేదు. బిగించిన ఎత్తును తీసివేసి, కనీస ఎత్తు మాత్రమే ఇచ్చి, మిగిలినది అక్షరాలకు వదిలివేయడమే అసలు మందు.

అక్షరాలపిచ్చి (రాజమహేంద్రవరం)

పాతకాపుగారు నా వైపు వేలు చూపించారు కనుక రెండవ చిక్కు నేను అందుకొంటాను. కంటికి ఒకటిగా ఉండి కంప్యూటర్‌కు రెండుగా ఉండే మాటలు తెలుగులో మూడు నాలుగు రకాలు. మీరు ముందుగా చేయవలసినది ఆ రెండు మాటలనూ పైథాన్‌లోని ఆస్కీ అనే ఫంక్షన్‌కు ఇచ్చి, వచ్చినదానిని అచ్చు వేయడం. అప్పుడు అక్షరాలు కాక వాటి యూనికోడ్ సంఖ్యలు వరుసగా కనబడతాయి. తెలుగుకు కేటాయించిన సంఖ్యలు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉంటాయి. మీ హెచ్చరికలో "ఆక్సిజన్" తర్వాత 200సీ అనే సంఖ్య ఒకటి తొంగిచూస్తుందని నేను పందెం కాయగలను.

దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. దానికి వెడల్పు లేదు, రూపం లేదు, కానీ పని ఉన్నది. పొల్లు తర్వాత వచ్చే హల్లు వత్తుగా మారకుండా అది అడ్డుపడుతుంది. "కౌంట్లు" అని రాసినప్పుడు ట కింద ల వత్తు పడుతుంది. రెంటి మధ్య ఆ అదృశ్యాక్షరాన్ని పెడితే "కౌంట్‌లు" అని విడివిడిగా నిలుస్తుంది. "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో అది లేకపోతే చదవడమే కష్టం. అనువాదం చేసినవారు "ఆక్సిజన్‌లో", "ఆక్సిజన్‌కు" అని రాసి రాసి, తర్వాత ప్రత్యయాన్ని తీసివేసి "ఆక్సిజన్" అని వదిలిపెట్టినప్పుడు, ఆ అక్షరం పదం చివర అనాథగా మిగిలిపోతుంది. దాని తర్వాత ఖాళీ ఉన్నది కనుక తెర మీద ఏ తేడా రాదు. పోలికలో మాత్రం ఒక అక్షరం ఎక్కువవుతుంది.

దీనిని చూసి చాలామంది ఆ అక్షరాన్ని అంతటా తుడిచేసి పోలుస్తారు. దయచేసి అలా చేయవద్దు. అలా చేస్తే "కౌంట్‌లు" స్థానంలో "కౌంట్లు" వచ్చినా టెస్టు పాస్ అవుతుంది, తెర మీద మాత్రం అది వేరే రూపం. పదం చివర, అంటే ఖాళీకి ముందు, విరామచిహ్నానికి ముందు, వాక్యం చివర ఉన్నదానిని మాత్రమే తీసివేయండి. పదం నడుమ ఉన్నదానిని ఉండనివ్వండి.

రెండవ రకం ఐత్వం. యూనికోడ్‌లో "ై" అనే గుర్తును ఒకే సంఖ్యగానూ రాయవచ్చు, ఎత్వం కింద ఐత్వపు తోక అతికించి రెండు సంఖ్యలుగానూ రాయవచ్చు. "రైతు" అన్న మాటలో మొదటి పద్ధతిలో నాలుగు, రెండవ పద్ధతిలో ఐదు సంఖ్యలు వస్తాయి. యూనికోడ్ ప్రమాణం ఈ రెంటినీ సమానమనే అంటుంది. పైథాన్ యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్‌కు ఎన్ఎఫ్‌సీ అని చెప్పి ఇస్తే రెండూ ఒకటవుతాయి. తెలుగు గుణింతపు గుర్తుల్లో ఈ వెసులుబాటు ఉన్నది ఐత్వానికి ఒక్కదానికే. రైతుల యాప్ కనుక మీకు ఇది తగలక మానదు. ఎన్ఎఫ్‌సీ చేసినంత మాత్రాన పైన చెప్పిన అదృశ్యాక్షరం పోదని కూడా గుర్తుంచుకోండి.

మూడవది ఖాళీలు. మామూలు ఖాళీకీ, వరుస విరగకుండా పట్టి ఉంచే ఖాళీకీ కంటికి తేడా లేదు, సంఖ్యల్లో ఉన్నది. 2023లో వచ్చిన జావా 20లో అమెరికా ఆంగ్లపు గంటల రూపంలో ఏఎం, పీఎంలకు ముందు ఉండే మామూలు ఖాళీ స్థానంలో ఒక సన్నని ఖాళీ చేరి, ఎంతోమంది టెస్టులు ఒక్కసారిగా విరిగిపడ్డాయి. ఎవరి కోడ్‌లోనూ తప్పు లేదు, భాషా సమాచారపు కొత్త ప్రతి వచ్చింది, అంతే.

పనిలో పనిగా అక్షరాల లెక్క గురించి కూడా చెప్పి ఊరుకొంటాను. "గోదావరి" అంటే మనకు నాలుగక్షరాలు. కంప్యూటర్‌కు ఏడు, ఎందుకంటే ఓత్వం, దీర్ఘం, గుడి విడిగా లెక్కకు వస్తాయి. "పేరు 20 అక్షరాలు దాటరాదు" వంటి నిబంధన మీ యాప్‌లో ఉంటే, రైతు లెక్కా యాప్ లెక్కా ఎక్కడ విడిపోతాయో ఒక టెస్టు రాసి చూడండి.

కోనసీమ కుర్రాడు (అమలాపురం)

పెద్దలు చెప్పినదానికి చిన్న చేర్పు, ఒక అభ్యంతరం. ఉండవలసిన మాటను టెస్టులో చేత్తో రాస్తున్నారా, లేక యాప్‌లోని తెలుగు మాటలుండే స్ట్రింగ్స్ ఫైల్ నుంచే చదువుతున్నారా? ఆ ఫైల్ నుంచి చదివితే అదృశ్యాక్షరం చిక్కు పుట్టనే పుట్టదు కదా అని నేను మొదట అనుకొన్నాను. మేము ఆరు నెలలు అలాగే చేశాము. తర్వాత తెలిసినదేమంటే, "మేత" అనవలసిన చోట అనువాదంలో "మేక" అని పడినా మా టెస్టులు ఆరు నెలలూ పాస్ అవుతూనే ఉన్నాయి. ఫైల్‌ను తీసుకువెళ్లి ఆ ఫైల్‌తోనే పోలిస్తే తప్పు ఎలా బయటపడుతుంది?

ఇప్పుడు మేము రెండుగా విడదీశాము. బటన్ నొక్కడం, తెర మారడం వంటి నడకను చూసే టెస్టుల్లో మాటల జోలికి పోము. మూలకాలను, కోడ్‌లో వాటికి పెట్టిన పేరైన రిసోర్స్ ఐడీతో పట్టుకొంటాము కనుక అనువాదం మారినా అవి విరగవు. ధర, ప్రమాణం, హెచ్చరిక, డబ్బు చెల్లింపు, తేదీ ఉన్న మాటలను మాత్రం ఒక పట్టికగా చేత్తో రాసి, తెలుగు బాగా వచ్చిన ఒకరిచేత చదివించి, వారు ఒప్పుకొన్న తర్వాతే టెస్టులో పెడతాము. మా దగ్గర అవి డెబ్బై దాటలేదు. మిగిలిన వేయి మాటలకు ఒక్కొక్క పోలిక రాయడం వృథా అని నా అభిప్రాయం, మీ మేనేజర్‌గారు నొచ్చుకోకుండా చెప్పండి.

ఆ వేయింటికీ కలిపి ఒకే జల్లెడ సరిపోతుంది. ప్రతి తెర మీదా చెట్టులోని మాటలన్నిటినీ పోగుచేసి, తెలుగు తెరలో ఆంగ్లాక్షరాలు ఉంటే పట్టుకోవాలి. తెలుగు అనువాదం లేని మాటకు ఆండ్రాయిడ్ నోరెత్తకుండా మూల ఫైల్‌లోని ఆంగ్లాన్నే చూపిస్తుంది కనుక ఇది తరచుగా దొరికే తప్పు. పీహెచ్, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) వంటి వాటిని ఆంగ్లంలోనే రాసే అలవాటు ఉంటే వాటికి మినహాయింపు జాబితా పెట్టుకోండి. విలువ నింపకుండా మిగిలిపోయిన శాతం గుర్తులు, "నల్" అన్న మాట, ఖాళీ లేబుళ్లు కూడా ఆ జల్లెడలోనే ఆగుతాయి.

ఏకవచన బహువచనాల సంగతి కూడా చూడండి. ఆండ్రాయిడ్‌లో తెలుగుకు ఒకటి, ఇతరం అనే రెండు తరగతులే ఉన్నాయి. సున్నా ఇతరంలోకి పోతుంది. సున్నాకు ప్రత్యేకంగా "చెరువులు లేవు" అని ఆ ఫైల్‌లో రాసుకొన్నా తెలుగులో దానిని ఎవరూ పలకరించరు, "0 చెరువులు" అనే వస్తుంది. కనుక 0, 1, 2 మూడింటితోనూ పరీక్షించాలి.

అక్షరాలపిచ్చి (రాజమహేంద్రవరం)

కోనసీమ కుర్రాడుగారి అభ్యంతరం న్యాయమైనదే. అంకెల విషయంలో దానికి ఒక తోక తగిలిస్తాను. ఉండవలసిన అంకెను టెస్టులో జావా ఫార్మాటర్‌తో తయారుచేసే అలవాటు ఉంటే జాగ్రత్త. లక్షా పాతిక వేలను తెలుగు భాషా అమరిక, అంటే లొకేల్‌తో ఫోన్ 1,25,000 అని రాస్తుంది. అదే కోడ్‌ను ఫోన్ లేకుండా కంప్యూటర్ మీది జావాలో నడిపితే 125,000 అని వస్తుంది, ఎందుకంటే అక్కడి డెసిమల్‌ఫార్మాట్‌కు మూడు తర్వాత రెండేసి అంకెలకు కామా పెట్టే మన పద్ధతి తెలియదు. ఫోన్‌లోనిది ఐసీయూ అనే భాషా సమాచారపు లైబ్రరీ మీద నిలబడినది కనుక దానికి తెలుసు. ఫోన్ లేకుండా కంప్యూటర్ మీదే ఆండ్రాయిడ్ టెస్టులు నడిపే రోబోలెక్ట్రిక్‌తో డబ్బు టెస్టులు రాసేవారు ఒకసారి ఇందులో పడితీరుతారు. నేను రెండుసార్లు పడ్డాను.

మడ అడవి (కాకినాడ)

టోస్ట్ గురించి ఎవరూ చెప్పలేదు కనుక క్లుప్తంగా రాస్తున్నాను. పొట్టి టోస్ట్ 2 సెకన్లు, పొడుగుది 3.5 సెకన్లు ఉంటుంది. యూఐఆటోమేటర్2 ఏ పని చేసే ముందైనా తెర నిశ్చలంగా అయ్యేదాకా ఆగుతుంది, ఆ ఆగే గడువు మామూలుగా 10 సెకన్లు. మీ తెరలో చక్రం తిరుగుతున్నా, ఆక్సిజన్ విలువ క్షణక్షణం మారుతున్నా నిశ్చలత దొరకదు, ఈలోగా టోస్ట్ వెళ్లిపోతుంది. చక్రం త్వరగా ఆగిన రోజున టెస్టు పాస్, ఆలస్యమైన రోజున ఫెయిల్. అప్పియం సెట్టింగ్స్‌లో వెయిట్‌ఫర్‌ఐడిల్‌టైమ్‌అవుట్ విలువను బాగా తగ్గించి, టోస్ట్ అనే తరగతి పేరుతో వెతకండి. నడుమ నిద్రపుచ్చే స్లీప్‌లు పెట్టవద్దు, అవి రోగాన్ని దాచిపెడతాయి.

నిజానికి ఆ సందేశం టోస్ట్‌గా ఉండటమే నాకు నచ్చలేదు. మేత చల్లి తడిచేతులతో గట్టు మీద నిలబడిన మనిషి రెండు సెకన్లలో తెర చూస్తాడా? నమోదైన వరుసను జాబితాలోనే చూపించమని డెవలపర్‌ను అడగండి. టెస్టుకూ అది సులువు.

పాతకాపు (కాకినాడ)

ఓసీఆర్ గురించి అడిగిన ప్రశ్న మిగిలిపోయింది. 2021లో ఆ ముచ్చట మేమూ తీర్చుకొన్నాము. ఓసీఆర్ సాధనమైన టెసరాక్ట్‌లో తెలుగుకు శిక్షణ సమాచారం ఉన్నది. పెద్ద అక్షరాలు, తెల్లని నేపథ్యం, చక్కని ఫొటో ఉంటే బాగానే చదువుతుంది. ఫోన్ తెర మీది చిన్న అక్షరాల దగ్గర మాత్రం వత్తులను, గుణింతపు గుర్తులను తడబడి చదివేది. దానితో రోజూ ఇరవై ముప్పై ఫెయిళ్లు వచ్చేవి, వాటిలో నిజమైన తప్పు ఒకటి ఉంటే గొప్ప. వారం గడిచేసరికి ఫెయిళ్లను చూడటమే మానేశాము, చూడని రిపోర్టుకు ఉన్నా లేకపోయినా ఒకటే. గూగుల్ ఎంఎల్ కిట్ సంగతి అడుగుతారేమో, అది గుర్తించే లిపులు లాటిన్, చైనీస్, దేవనాగరి, జపనీస్, కొరియన్. తెలుగు అందులో లేదు.

ఓసీఆర్‌కు ఒక్కచోట పని ఉన్నది. ధర అంకె ఉన్న గళ్లను మాత్రం కత్తిరించి, అంకెలే వస్తాయని టెసరాక్ట్‌కు ముందే చెప్పి, వచ్చినదానిని చెట్టులోని విలువతో పోల్చవచ్చు. మీ ₹375 సంఘటనలో చెట్టు 375 అని, ఓసీఆర్ 3 అని చెప్పి ఉండేవి. ఆ రెంటి మధ్య తేడాయే మీకు కావలసిన సమాచారం. పూర్తి వాక్యాలకు దీనిని వాడవద్దు.

ఫొటోల పోలికకు వెళ్లేటప్పుడు ఫోన్ల మీద కాక, ఒకే ఆండ్రాయిడ్ ప్రతి ఉన్న ఒకే ఎమ్యులేటర్ మీద చేయండి. ఆండ్రాయిడ్‌తో వచ్చే తెలుగు ఫాంట్ నోటో సాన్స్ తెలుగు. కొందరు ఫోన్ తయారీదారులు తమ ఫాంట్ పెడతారు, అప్పుడు ప్రతి అక్షరమూ కాస్త జరిగి పోలిక అంతా ఎర్రబడుతుంది. పైన గడియారం, బ్యాటరీ గుర్తులు మారకుండా సిస్టమ్‌యూఐ డెమో మోడ్‌ను ఏడీబీతో తెరవండి. యాప్ తయారీ సాధనమైన ఫ్లట్టర్‌లో గోల్డెన్ టెస్టులు (తెర ఫొటోల పోలికలు) రాసే మిత్రులకు మరొక మాట: ఫాంట్‌ను ప్రత్యేకంగా లోడ్ చేయకపోతే అక్కడ అక్షరాల స్థానంలో గళ్లు గీస్తుంది. ఆ గళ్లతో వత్తు తెగిందో లేదో తెలిసే దారి లేదు.

తాటిముంజ (తణుకు)

మాది ఐఫోన్ యాప్. ఇవే సలహాలు మాకూ వర్తిస్తాయా?

కోనసీమ కుర్రాడు (అమలాపురం)

సూత్రం అదేనండి, ఉచ్చు ఒకటి ఎక్కువ. ఐఫోన్ టెస్టు సాధనమైన ఎక్స్‌సీయూఐటెస్ట్‌లో లేబుల్ అనే గుణం యాక్సెసిబిలిటీ లేబుల్‌ను ఇస్తుంది. డెవలపర్ దానిని విడిగా రాసి ఉంటే, తెర మీద "₹375" ఉన్నా మీ టెస్టుకు "కిలో ధర మూడు వందల డెబ్బై ఐదు రూపాయలు" అని అందుతుంది. తెర మీది అంకె మారి, ఆ లేబుల్ పాతదే మిగిలిపోయిన సందర్భం మాకు ఎదురైంది. చూపు లేని వాడుకరికి పాత ధర వినిపించడమంటే అది చిన్న తప్పు కాదు, కనుక ఆ లేబుళ్లకు వేరే టెస్టు రాసుకోండి.

చెరువుగట్టు (భీమవరం)

అందరికీ ధన్యవాదాలండి. పది రోజులు పట్టింది, ఫలితం చెప్పడానికి వచ్చాను.

అక్షరాలపిచ్చిగారు పందెం గెలిచారు. "ఆక్సిజన్" చివర 200సీ ఉన్నది. అది స్ట్రింగ్స్ ఫైల్‌లో కాక, హెచ్చరికలు పంపే మా సర్వర్‌లో దొరికింది. రెండు చోట్లా మాటను వేర్వేరు మనుషులు టైపు చేశారు. పదాల చివర ఉన్నవాటిని సర్వర్‌లోనే శుభ్రం చేశాము, టెస్టులో ఎన్ఎఫ్‌సీ మాత్రం ఉంచాను.

ఫాంట్ స్కేల్‌ను 1.3కు పెంచి నోఎలిప్సైజ్డ్‌టెక్స్ట్ తనిఖీని పద్నాలుగు తెరల మీద నడిపితే ఐదు తెరలు ఫెయిల్ అయ్యాయి. ధరల పట్టికలో కౌంట్‌నూ ధరనూ ఒకే వరుసలో కుక్కకుండా విడదీసి, ధరకు ముందుగా స్థలం కేటాయించి, మిగిలినది కౌంట్‌కు వదిలాము. 2.0 దగ్గర కౌంట్ రెండు వరుసలవుతున్నది, ధర మాత్రం చెక్కుచెదరలేదు. ఆ ఉండి పెద్దాయనకు కొత్త బిల్డ్ పంపితే, "ఇప్పుడు చుక్కల్లేవు, రేటే తక్కువగా ఉంది" అన్నారు. దానికి నా దగ్గర టెస్టు లేదని చెప్పాను.

టోస్ట్ తీసివేశాము. ఓసీఆర్ మాట మేనేజర్‌గారు మళ్లీ ఎత్తలేదు, ధరల గళ్లకు మాత్రం పాతకాపుగారు చెప్పినట్టు పెట్టి చూస్తున్నాను.

ఒక సందేహం మిగిలింది. "చెరువుల్లో" అన్న శీర్షికలో ల వత్తు కింది అంచు 1.3 దగ్గర ఒక పిక్సెల్ మేర తెగుతున్నట్టు ఫొటోల పోలికలో కనబడుతున్నది, కంటికి మాత్రం తెలియడం లేదు. పోలికలో ఎంత తేడాను వదిలేయవచ్చు?

పాతకాపు (కాకినాడ)

అంత అని ముందే లెక్క కట్టి చెప్పలేమండి. ఆ ఒక్క పిక్సెల్‌ను వదిలేసేలా పరిమితి పెంచితే రేపు "మొతం" కూడా అందులో నుంచే జారిపోతుంది. శీర్షిక ఎత్తు ఎక్కడో బిగించి ఉన్నది, ముందు దానిని వదులు చేయించండి. అప్పుడు కూడా తేడా కనిపిస్తే ఆ ఫొటో ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాము.